పిలకలు తిరిగి పంపండి

డాలీగంజ్, పోర్ట్ బ్లెయిర్
3 అక్టోబరు 2024

కాశమ్మ వదినగారికి నమస్కారాలు.

అన్నయ్యగారి మోకాలి నొప్పి తగ్గిందా? నేను పంపిన నూనె రాస్తున్నారో, సీసా అటక మీదే ఉందో. ఇక్కడ అందరం బాగున్నాం. మా లోకేష్‌కి బస్టాండు దగ్గర కొత్త భవనంలో వైరింగు పని వచ్చింది. మీ అమ్మాయి ప్రత్యూషకు ఆఫీసులో ఊపిరాడటం లేదు. కోడలు నాకు కనబడేది అన్నం దగ్గరే.

హట్‌బేకి ఫోను చేస్తే సగం మాట మీకు, సగం గాలికి. అందుకే ఉత్తరం రాసి, ఓడలో పనిచేసే మీ మేనల్లుడు మల్లేశు చేతికిస్తున్నాను.

సంగతేమిటంటే, ఈ దసరా సెలవులకు జాహ్నవి మీ దగ్గరకు రావడం లేదు. ఏడాదికో వారం ఇంటిల్లిపాదీ వీధి కోసం పనిచేయాలని మావారు రిటైరైన ఏడు పెట్టిన నియమం మీకు తెలిసిందే. ఇన్నాళ్లూ నవంబరులో చేసేవాళ్లం. ఈసారి అంగన్‌వాడీ వెనక ఖాళీ జాగాలో కూరగాయల తోట వేయాలనుకున్నాం. నేల తడిగా ఉండగానే తవ్వాలి కదా, అందుకని దసరా వారానికి మార్చాం. జాహ్నవికి తొమ్మిదేళ్లు నిండాయి. చేత్తో పని నేర్చుకునే వయసు. నేను బలవంతం చేయలేదు. అదే "నేను ఇక్కడే ఉంటా నానమ్మా, హట్‌బేలో బోర్" అంది. చిన్నపిల్ల మాట, మీరు మనసులో పెట్టుకోకండి.

మీ ఆశీస్సులు దానికి ఎప్పుడూ ఉండాలి.

భారతీదేవి


హట్‌బే
5 అక్టోబరు 2024

భారతీదేవి వదినగారికి కాశమ్మ చేతులు జోడించి రాస్తున్నది.

మీ ఉత్తరం కొట్లో పప్పు తూస్తుండగా అందింది. ముందు చదివి తర్వాత తూచాను. తప్పు తూచానేమో, ఆ గిరాకీ మారు మాట్లాడకుండా పోయాడు.

మా ఆయన మోకాలు అలాగే ఉంది. ఆ మోకాలితోనే నిచ్చెనెక్కి, అమ్మడు వస్తుందని పెరట్లో ఊయల కట్టాడు. (జాహ్నవి అని మీరంటారు, నాకు అమ్మడే.) ఇప్పుడు అందులో పక్కింటి పిల్లలు ఊగుతున్నారు. ఊగనీ అన్నాను. ఎవరో ఒకరు ఊగాలి కదా.

హట్‌బేలో బోర్ అందా? మొన్న ఫోనులో నాతో "అమ్మమ్మా, నానమ్మ జానే నహీ దే రహీ హై" అంది. మీరు వెళ్లనివ్వడం లేదనే కదా? సిగ్నలు సరిగా లేదు, నేనే తప్పు విన్నానేమో. నేల తడిగా ఉండగా తవ్వాలన్నారు. మన దీవుల్లో నేల ఎప్పుడు పొడిగా ఉంది వదినగారూ? సర్లెండి, పిల్లనిచ్చిన వాళ్లం, గట్టిగా అడగడానికి మాకు నోరు రాదు.

మల్లేశుతో మూడు చక్రకేళి అరటి పిలకలు పంపిస్తున్నాను. మా పెరట్లో తల్లిచెట్టు నుంచి నేనే తీశాను. వేర్లకు తడిగోనె చుట్టాను. ఎక్కడ నాటాలో మల్లేశుకు చెప్పాను. అమ్మడి చేతే నాటించండి. నాటేటప్పుడు ఇవి అమ్మమ్మ పంపినవని దానికి ఒక్క మాట చెప్పండి. అంతకంటే ఏమీ అడగను.

కాశమ్మ


డాలీగంజ్
7 అక్టోబరు 2024

కాశమ్మ వదినగారికి,

నడుం పట్టేసి మంచం మీద కూర్చుని రాస్తున్నాను. కానీ ఇంత సంతోషంగా ఉండి ఎన్నాళ్లయిందో! నిన్నటి నుంచి పని మొదలుపెట్టాం. మావారు, లోకేష్ పొదలు కొట్టారు. ప్రత్యూష సెలవు పెట్టలేకపోయినా పొద్దున్నే వచ్చి గాజుపెంకులు ఏరిపెట్టి ఆఫీసుకు వెళుతోంది. నేను వంగనారు, బెండ గింజలు చూసుకుంటున్నాను.

జాహ్నవిని మీరు చూడాలి. మన దీవుల నత్తల సంగతి తెలుసుగా, పిడికిలంత ఉంటాయి. రాత్రికి రాత్రి మడంతా మేసేస్తాయి. వీధి పిల్లలందరినీ కూడగట్టి, తలకు తువ్వాలు చుట్టుకుని, బకెట్లకు బకెట్లు ఏరించింది. "జల్దీ జల్దీ, వంకాయ తింటారా, నత్తలకు పెడతారా" అని దాని కేకలు. అంగన్‌వాడీ ఆయా "టీచరమ్మ మనవరాలు అచ్చం టీచరమ్మే" అంది. మొదటి మడి పక్కన పలక పాతి, దాని మీద సున్నంతో "నానమ్మ మడి" అని అదే రాసింది. నేను చెప్పలేదు. ఒత్తు కూడా తప్పులేదు.

మీ పిలకలు అందాయి. ఎక్కడ నాటాలో మల్లేశు ఏమీ చెప్పలేదు. "అత్త పంపింది" అని గేటు దగ్గర పెట్టి, ఓడ టైమైందని పరిగెత్తాడు. మీరు తోట కోసమే పంపారని అంగన్‌వాడీ గోడ వెంట నాటించాం. గుంటలు జాహ్నవే తీసింది. రేపు ఎంతోమంది పిల్లలు పళ్లు తింటారు. ఆ పుణ్యం మీదే.

ఇక ఫోనులో అది అన్న మాట మీరు తప్పు వినే ఉంటారు. మా ఇంట్లో పిల్లకు అబద్ధాలు నేర్పలేదు.

భారతీదేవి


హట్‌బే
8 అక్టోబరు 2024

భారతీదేవి గారికి,

మీ ఇంట్లో అబద్ధాలు నేర్పరు. అయితే మా ఇంట్లో నేర్చుకుందన్నమాట. ఏడాదికి పది రోజులు ఉండి వెళ్లే పిల్లకు నేను ఆ పది రోజుల్లో నేర్పిన విద్య ఇదే కాబోలు.

ఆ పిలకలు నేను వీధికి పంపలేదు. అమ్మడు పడుకునే గది కిటికీ కింద పెట్టించమని మల్లేశుకు చిలక్కి చెప్పినట్టు చెప్పాను. వాడు మరిచిపోతే మీరైనా అడగాల్సింది. పొద్దున్నే అది కిటికీ తీస్తే నేనిచ్చిన ఆకు కనబడాలని నా ఆశ. ఆ ఇంట్లో నాదంటూ ఏముందండీ? గోడల మీద మీ వాళ్ల ఫొటోలు, బీరువాలో మీ పుస్తకాలు. నా కూతురే నాది అనుకుంటే, అది రోజుకు వందసార్లు మిమ్మల్ని "అత్తయ్యా" అని పిలుస్తుంది, నాకు ఆదివారం ఆదివారం ఒక ఫోను చేస్తుంది. అదీ మీరు పిలిస్తే మధ్యలో పెట్టేస్తుంది.

అసూయ అంటారా, అనండి. ఏడాదిలో పది రోజులే నావి. వాటిని కూడా తీసుకుపోయి మీ తోటకు ఎరువు వేశారు. పైగా నానమ్మ మడి అని పలక. నాకు ఉత్తరంలో రాసి చూపించాలా అది?

పుణ్యం మీరే ఉంచుకోండి. నా పిలకలు నాకు తిరిగి పంపండి.

కాశమ్మ


హట్‌బే
10 అక్టోబరు 2024, రాత్రి

భారతీదేవి గారికి,

పిలకలు అందాయి.

మీరు ఇంత పని చేస్తారని అనుకోలేదు. కోపంలో నేనొక మాట రాశాను. చదువుకున్నవారు, పది మంది పిల్లలకు బుద్ధులు చెప్పినవారు, ఆ మాట పట్టుకుని నాటిన మొక్కను పీకి పంపుతారా? తోడు ఒక చీటీ ముక్క లేదు. నేను పంపిన గోనె కూడా లేదు, ఏదో పాత చున్నీలో చుట్టారు. ఒకదాని మొవ్వు విరిగింది.

మల్లేశు నా మొహం వంక చూడలేదు. "ఏటిరా, ఆవిడేటన్నా అందా?" అని అడిగాను. "నాకేటీ తెల్దత్తా, ముఝే మత్ పూఛో" అని జారుకున్నాడు. మా ఆయన్ని అడిగితే "నువ్వడిగావు, ఆవిడ పంపింది. ఇంకేటి బాధ?" అన్నాడు. ఆయనకేం తెలుసు. అడిగినవన్నీ ఇచ్చేయమనే అడుగుతామా?

ఇకమీదట నా దగ్గర్నుంచి మీ గేటు దాకా ఏ వస్తువూ రాదు. ప్రత్యూషకు కూడా ఈ సంగతి చెప్పను. దాని కాపురం దానిది.

కాశమ్మ


డాలీగంజ్
11 అక్టోబరు 2024

వదినగారూ,

ఆ పిలకలు నేను పంపలేదు. దేవుడి ముందు కూర్చుని రాస్తున్నాను, నమ్మండి.

మీ ఎనిమిదో తారీఖు ఉత్తరం మాకు బుధవారం అందింది. వరండాలో కూర్చుని మావారికి పైకి చదివి వినిపించాను. కోపంతో చదివాను. ఆఖరి వాక్యం మరీ గట్టిగా చదివాను. జాహ్నవి కుళాయి దగ్గర బకెట్టు కడుగుతోంది. "నానమ్మా, అమ్మమ్మకి గుస్సా వచ్చిందా?" అంది. "నీకెందుకు, వెళ్లి చేతులు కడుక్కో" అన్నాను.

నిన్న మధ్యాహ్నం మేం భోజనాలకు ఇంటికి వచ్చాం. అది ఆయా దగ్గర తింటానని ఆగిపోయింది. మేం తిరిగి వెళ్లేసరికి గోడ వెంట మూడు గుంటలు తెరుచుకుని ఉన్నాయి, పిలకలు లేవు. ఎవరో దొంగిలించారనుకున్నాను. "జాహ్నవేది?" అని ఆయాను అడిగితే, "మీ ఇంటికే వెళ్లింది కదా టీచరమ్మా" అంది.

తర్వాత ఏం జరిగిందో నాకు వరసగా గుర్తులేదు. లోకేష్ స్కూటరు వేసుకుని పోయాడు. ప్రత్యూష ఆఫీసు నుంచి ఆటోలో వచ్చింది. నేను ఆ మడి గట్టు మీదే కూర్చుండిపోయాను. కాసేపటికి మల్లేశు ఫోను చేశాడు.

పిల్ల ఫీనిక్స్ బేలో ఉంది. మూడు పిలకలూ వాళ్లమ్మ పాత చున్నీలో మూటకట్టి, ఒక్కతే సిటీ బస్సెక్కి, దారి అడుగుతూ జెట్టీకి వెళ్లింది. పోర్టర్ల మధ్య టికెట్ల వరసలో నిలబడి ఉందట. ఎవరో "హట్‌బే టికెట్టా పాపా? నీతో ఎవరున్నారు?" అని అడిగితే, "టికెట్ నాకు కాదు, వీటికి" అందట. ఆ మాట విని వాళ్లు నవ్వుతుంటే మల్లేశు అటు చూశాడు.

"ఏటిదమ్మడూ, ఎలాగొచ్చేవు?" అంటే, "బాబాయ్, అమ్మమ్మ వాపస్ అడుగుతోంది. నువ్వు తీసుకెళ్లి ఇచ్చేయ్. ఇచ్చేస్తే గుస్సా పోతుంది" అంది. ముందు ఇంటికి పద అంటే కదల్లేదు. వాడు ఆ మూట ఓడలో పెట్టి వచ్చి చూపించిందాకా అక్కడే నిలబడింది. ఈ సంగతి తెలిస్తే మీరు కంగారుపడతారని, మీకు చెప్పొద్దని మల్లేశును లోకేష్ బతిమాలుకున్నాడు. వాడి తప్పు లేదు.

ఇంటికొచ్చాక దగ్గరకు తీసుకోబోతే అది వాళ్లమ్మ వెనక దాక్కుంది. "ఫోనులో అమ్మమ్మతో అలా ఎందుకు చెప్పావే? నాతో హట్‌బే బోర్ అన్నావుగా" అని అడిగాను. "మీ ఇద్దరికీ అదే కదా అచ్ఛా లగ్తా" అంది.

వదినగారూ, మనలో ఎవరికి నచ్చే మాట వాళ్లకు చెప్పిందట.

ప్రత్యూష ఎన్నడూ నాకు ఎదురు చెప్పదు. నిన్న చెప్పింది. "నవంబరు పని దసరాకు ఎందుకు మార్చారో నాకు తెలుసు అత్తయ్యా. అమ్మకీ తెలుసు. మీరే మాకు తెలియదనుకున్నారు" అంది. తల వంచుకున్నాను. మీ దగ్గర్నుంచి వచ్చాక ఎన్నో రోజుల దాకా జాహ్నవి "అమ్మమ్మ ఇంట్లో అయితే చేప ఇలా వేయిస్తారు, అమ్మమ్మ అయితే కథ ఇలా చెబుతుంది" అంటుంది. అన్నం నేను కలిపి పెడుతుంటే నోరు తెరిచి మీ కబుర్లు చెబుతుంది. ఆ రోజుల్లో నా ఇంట్లో నేనే అద్దెకున్నట్టు ఉంటుంది. ఈ ఒక్క ఏడాది అది లేకుండా చూసుకుందామనుకున్నాను. పిల్లను ఇక్కడ ఉంచగలిగాను గానీ దాని చేత పార పట్టించి మీ పిలకలు తవ్వించుకున్నాను.

ఆదివారంతో మా వారం పూర్తవుతుంది. గుంటలు అలాగే ఉన్నాయి. జాహ్నవి నిన్నటి నుంచి తోటకు రావడం లేదు.

భారతి


హట్‌బే
12 అక్టోబరు 2024

వదినగారికి,

రేపటి ఓడలో వస్తున్నాను. పిలకలు తెస్తున్నాను. గుంటలు పూడ్చకండి.

తిట్టాలని చాలా ఉంది. వచ్చి తిడతాను.

కాశమ్మ


హట్‌బే
18 అక్టోబరు 2024

వదినగారికి కాశమ్మ రాస్తున్నది.

క్షేమంగా చేరాను. సముద్రం ఎత్తెత్తి పడేసింది, రెండుసార్లు వాంతి. అయినా దిగగానే మా ఆయన "కొట్లో ఉల్లిపాయలు అయిపోయాయి" అన్నాడు, ఇంకేమీ అడగలేదు.

ఎదురుగా ఉండి చెప్పలేకపోయినవి కొన్ని రాస్తాను. జెట్టీలో నేను దిగినప్పుడు అమ్మడు మీ చెయ్యి విడిపించుకుని నా మీదకు దూకింది కదా. దాని తల మీదుగా మీ మొహం చూశాను. మీరు గొడుగు మూసి, మళ్లీ తెరిచి, మళ్లీ మూశారు. నాకు చాలా సంతోషమైంది వదినగారూ. అంత గొడవ జరిగాక కూడా సంతోషమైంది. నా బుద్ధి అలాంటిది.

తోట దగ్గరికెళ్లాక ఆ సంతోషం ఎంతసేపుంది? వీధి పిల్లలు "జాహ్నవీ, ఘోంఘా, ఘోంఘా" అని కేకేశారు. నత్తలట. మనిద్దర్నీ అక్కడే వదిలేసి అది ఉరికింది. ఏ అమ్మమ్మ, ఏ నానమ్మ! తిడదామనుకున్న తిట్లన్నీ నా నోట్లోనే ఉన్నాయి, ఎదురుగా మీరొక్కరే ఉన్నారు. పార మీ చేతిలో ఉంది. "లోతు చాలదు" అని నేను, "ఎక్కువైంది, కుళ్లిపోతుంది" అని మీరు. ప్రత్యూష అటుగా వచ్చి "ఇద్దరూ కలిసి నన్ను అందులో పాతేయండి" అంది. మీరు నవ్వారు. పళ్లు కనబడేలా మీరు నవ్వడం నా కూతురి పెళ్లిలో కూడా చూడలేదు.

కిటికీ కింద పెడదామని మీరు ఎంతో అన్నారు. నేనే వద్దన్నాను. నిజంగానే అక్కడ ఎండ లేదు, మీ మామిడి నీడ మొత్తం పరుచుకుంది. ఆ మాట నేను ఇక్కడ కూర్చుంటే నమ్మేదాన్ని కాదు.

నా కూతురికి మాత్రం కోపం వచ్చింది. "మూడు రోజులూ మా అత్తయ్యతోనే గుసగుసలాడావు. నువ్వు ఎవరి కోసం వచ్చావమ్మా?" అని జెట్టీ దాకా సాధించింది. దాన్ని కాస్త చూసుకోండి.

డిసెంబరు సెలవులకు అమ్మడిని పంపుతానని మీరే మాటిచ్చారు. మీరూ రండి. చేపల కూర మీకు పడదు కాబట్టి వేరే పొయ్యి పెడతాను. ఒక్కటి ముందే చెబుతున్నా. మా ఇంట్లో అమ్మడి పక్కన పడక నాదే. దానికి పోటీ రాకండి.

కాశమ్మ


డాలీగంజ్
26 అక్టోబరు 2024

వదినా,

"గారు" తీసేశాను. మీకు కష్టమనిపిస్తే చెప్పండి, మళ్లీ పెడతాను.

బెండ మొలిచింది. వంగనారు సగం నత్తల పాలైంది, సగం నిలబడింది. మొవ్వు విరిగిన పిలక పోతుందని నేను, బతుకుతుందని మావారు అన్నాం. ఇంకా ఏమీ తేలలేదు. మిగతా రెండూ లేత ఆకు వేశాయి. అంగన్‌వాడీ పిల్లలు వాటి పక్కన వరసగా నిలబడి ఎవరు పొడుగో కొలుచుకుంటున్నారు.

వారం అయిపోయినా సాయంత్రాలు అటే వెళుతున్నాను. జాహ్నవి రెండు రోజులు వచ్చింది. మూడో రోజు నుంచి సైకిలు నేర్చుకుంటోంది. నిన్న పరీక్ష పెడదామని "నీకు అమ్మమ్మ ఇష్టమా, నానమ్మ ఇష్టమా?" అని అడగబోయి, నోరు మూసుకున్నాను. అడిగితే నాకు నచ్చే జవాబే చెబుతుంది.

డిసెంబరులో తప్పక వస్తాం. పడక సంగతి అక్కడికి వచ్చాక చూసుకుందాం.

భారతి


హట్‌బే
6 నవంబరు 2024

వదినకు కాశమ్మ రాస్తున్నది.

శుభవార్త. మా చిన్నవాడు లోహిత్‌కు సంబంధం కుదిరింది. పిల్లది బాంబూఫ్లాట్. మీకు ఎదురుగుండా, రేవుకు అవతలే. ప్రత్యూష ఈపాటికి చెప్పే ఉంటుంది, అయినా నా చేత్తో రాయాలని రాస్తున్నాను.

పిల్ల తల్లి పేరు నూకరత్నం. ఎంత కలుపుగోలు మనిషో! నూకరత్నం వదిన నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. "వదినా, పిల్ల నీది, నేను ఊరికే పెంచాను" అంది. ఆ మాటకు మా ఆయన కూడా కళ్లు తుడుచుకున్నాడు. వాళ్ల పెరడు చూసి తీరాలి. గులాబీలు, కనకాంబరాలు, పందిరి నిండా కాకర. నత్త అన్నది కంటికి కనబడదు. ఏం చేస్తారో అడిగి రాసుకున్నాను. నాకు కనకాంబరం నారు కట్టి ఇచ్చింది. మా పెరట్లో పిలకలు తీసి ఇస్తానన్నాను. నూకరత్నం వదినకు చక్రకేళి అంటే ప్రాణమట. "మనిద్దరం వియ్యపురాళ్లం కాదొదినా, అక్కచెల్లెళ్లం" అంది.

నెలాఖరుకు తాంబూలాలు. ముందు రోజే రమ్మని, వాళ్లింట్లోనే ఉండాలని నూకరత్నం వదిన ఒకటే పట్టు. ఏం చేయమంటారు?

కాశమ్మ


డాలీగంజ్
8 నవంబరు 2024

వదినా,

లోహిత్ సంబంధం కుదిరినందుకు చాలా సంతోషం. పిల్ల మంచిదని ప్రత్యూష కూడా చెప్పింది.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అందులో "వదిన" అన్న మాట చాలాచోట్ల ఉంది. నా వాటాకు వచ్చింది మొదట్లో ఒక్కటే.

ఏం చేయమంటారని అడిగారు కాబట్టి చెబుతున్నాను. ఆవిడ ఇంట్లో భోజనం చేయండి. పెరడు చూడండి, నారు తెచ్చుకోండి. పిలకలు కూడా ఇవ్వండి, కాదనను. పడుకోవడానికి మాత్రం ఆఖరి ఫెర్రీలో ఇవతలికి వచ్చేయండి. జాహ్నవి గదిలో దాని పక్కనే మీకు మంచం వేయించాను. ఆ రాత్రికి నేను అటు రాను.

ఆవిడతో ఎన్ని కబుర్లయినా చెప్పుకోండి. ఉత్తరాలు మాత్రం రాయకండి.

మీ భారతి